స్పైరలా, వైరోనా, కోంబా, గమ్మా? బైండింగ్ చేయించే ముందు చూసుకోవాల్సినవి

బైండింగ్‌కి ఇస్తే మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని పేజీలు?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఆ పుస్తకం తెరిచాక చదివేవాళ్ల చేతులు ఎక్కడ ఉంటాయన్నది మొదటిది. కొందరు బల్ల మీద పరుచుకుని రెండు చేతులూ కీబోర్డు మీద పెడతారు. కొందరు నిలబడి, చదివిన పేజీలు వెనక్కి తిప్పేసి, ఒక్క పేజీ మాత్రమే పైకి ఉండేలా పట్టుకుని రాసుకుంటారు. కొందరు కుర్చీలో వెనక్కి వాలి నవల చదివినట్టు చదువుతారు. బీరువాలో పెట్టి ఏడాదికోసారి తీసేవాళ్లూ ఉంటారు. ఇంతమందికీ ఒకే బైండింగ్ నప్పదు.

నేను ఈ సంగతి డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కంప్యూటర్ శిక్షణ తరగతుల కోసం 120 కాగితాల మాన్యువల్ ఒకటి తయారుచేశాం. అచ్చమైన పుస్తకంలా ఉండాలన్న మోజుతో వీపుకి గమ్ వేయించి, మెరిసే అట్ట తొడిగించాం. తరగతి మొదలైన పది నిమిషాలకి ఏ బల్ల చూసినా ఒకటే దృశ్యం. తెరిచిన పేజీ మూసుకుపోకుండా ఒకరు ఫోన్ అడ్డం పెట్టారు, ఒకరు నీళ్ల సీసా పెట్టారు, ఒకావిడ మోచేయి ఆనించి ఒంటి చేత్తో టైప్ చేస్తున్నారు. మధ్యాహ్నానికి చాలామంది విసుగొచ్చి పుస్తకాన్ని విరిచినట్టు వెనక్కి నొక్కేశారు. మూడో రోజుకి మధ్య పేజీలు చేతికొచ్చేశాయి. తర్వాతి బ్యాచ్‌కి అవే పేజీలు, అదే అట్ట, స్పైరల్ వేయించాం. బల్లల మీద ఫోన్లు మాయమయ్యాయి. అవి బల్ల కిందికి చేరి వాట్సాప్ తెరుచుకున్నాయన్నది వేరే కథ.

స్పైరల్ అంటే ఏది?

ఇక్కడో చిక్కుంది. రింగులు కనిపిస్తే చాలు, అన్నింటినీ స్పైరల్ అనేస్తాం. అలా పిలిచేవాటిలో మూడు వేర్వేరు వస్తువులున్నాయి. పై కొసన ఉన్న రింగు మీద వేలిగోరు ఆనించి జరుపుతూ పోండి. గోరు ఎక్కడా తెగకుండా చుట్లు తిరుగుతూ కింది కొస దాకా దిగితే అది అసలైన స్పైరల్. మొత్తం ఒకటే ప్లాస్టిక్ తీగ, స్ప్రింగులా చుట్టింది. కాయిల్ అనేది కూడా దీన్నే. అలా కాకుండా వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి వీపులా నిలబడి, దాన్నుంచి వంపు తిరిగిన పళ్లు కాగితాల్లోకి దూరి ఉంటే అది కోంబ్. పేరుకి తగ్గట్టు దువ్వెనే. ఇనుప తీగలు జంట జంటగా రంధ్రాల్లోకి దూరి, రింగు రింగుకీ మధ్య ఖాళీతో కనిపిస్తే అది వైరో.

"స్పైరల్ వేయండి" అని ఫోన్లో చెప్పి, వెళ్లేసరికి కోంబ్ వేసి ఉన్న సందర్భాలు నాకే రెండున్నాయి. తప్పు వాళ్లది కాదు, మాటది. అందుకే ఇప్పుడు పాత పుస్తకం ఒకటి చేత్తో పట్టుకెళ్లి "ఇలాంటిది" అని చూపిస్తాను.

తీగ లోపలికి ఎలా వెళ్తుంది

కాయిల్ తీగ సాధారణంగా పీవీసీ. కాగితాల అంచున వరుసగా చిన్న రంధ్రాలు కొడతారు. ఎక్కువ వాడుకలో ఉన్న కొలత 4:1, అంటే అంగుళానికి సుమారు నాలుగు రంధ్రాలు. 297 మిల్లీమీటర్ల పొడవున్న ఏ4 కాగితం అంచున 46, 47 రంధ్రాలు పడతాయి. తర్వాత కట్ట అంచుని కాస్త ఏటవాలుగా, వంపు వచ్చేలా సర్దుతారు. తీగ గుండ్రంగా తిరుగుతుంది కదా, నిట్టనిలువుగా ఉన్న రంధ్రాల్లోంచి అది సాఫీగా పోదు. మొదటి నాలుగైదు చుట్లు చేత్తో తిప్పి ఎక్కిస్తే, మిగతాది తిరిగే రబ్బరు రోలర్‌కి ఆనించగానే జరజరా దిగిపోతుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది. రోలర్ లేకపోతే మొత్తం చేత్తోనే తిప్పొచ్చు, కాకపోతే పది కాపీలయ్యేసరికి బొటనవేలు మొద్దుబారుతుంది.

ఆఖరి పని కొసలు కత్తిరించి మడవడం. దీనికి ప్రత్యేకమైన పట్టకారు ఉంటుంది. తీగని కత్తిరిస్తూనే కొసని లోపలికి వంచుతుంది. ఈ మడత లేకపోతే వాడుతున్న కొద్దీ తీగ తనంతట తనే తిరుగుతూ బయటికి జారుతుంది. మొదట ఒక చుట్టు, వారం పోయాక మూడు చుట్లు. ఒకసారి నా సంచిలో అలా జారిన తీగ కొస స్వెటర్ నూలుకి తగులుకుంది. పుస్తకం లాగితే స్వెటర్ వచ్చింది, స్వెటర్ లాగితే తీగ వచ్చింది.

ఈ తీగ వల్ల వచ్చే లాభం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఏ పేజీ దగ్గర తెరిచినా పుస్తకం బల్ల మీద చదునుగా పడుకుంటుంది. ఇంకా కావాలంటే అట్ట అట్టకి తగిలేలా పూర్తిగా, 360 డిగ్రీలు, వెనక్కి తిప్పెయ్యొచ్చు. చోటు తక్కువగా ఉన్న బల్లకి, నిలబడి రాసుకునేవాళ్లకి ఈ రెండోది పెద్ద వరం. ప్లాస్టిక్ కాబట్టి నొక్కుకుపోయినా మళ్లీ లేస్తుంది, తడిసినా తుప్పు పట్టదు.

కోంబ్‌తో పోలిస్తే

కోంబ్ కూడా దాదాపు చదునుగా తెరుచుకుంటుంది. వెనక్కి తిప్పి మడవడం మాత్రం కుదరదు, వెనకనున్న పట్టీ అడ్డొస్తుంది. బలవంతం చేస్తే పళ్లు రంధ్రాల్లోంచి ఊడి బయటికొస్తాయి. ఒక పన్ను ఊడితే దాని పక్కవి కూడా క్యూ కడతాయి. సంచిలో రోజూ తిరిగే పుస్తకానికి కోంబ్ వద్దనడానికి ఇదొక్కటే చాలు.

అయినా కోంబ్‌ని తీసిపారేయలేం, ఎందుకంటే దాన్ని విప్పొచ్చు. పళ్లని మిషన్ మీద తెరిచి, పాత పేజీ తీసి కొత్తది పెట్టి, మళ్లీ మూసెయ్యొచ్చు. అదే కోంబ్ మళ్లీ పనికొస్తుంది. నెలనెలా రెండు పేజీలు మారే ధరల పట్టికలు, ఇంకా చిత్తు దశలోనే ఉన్న రిపోర్టులు, కమిటీ చర్చకి తిరిగే ముసాయిదాలు, వీటికి కోంబే హాయి. పట్టీ వెడల్పుగా ఉంటుంది కాబట్టి వీపు మీద పేరు రాసిన స్టిక్కర్ కూడా అంటించొచ్చు. కాయిల్ మీద అది కుదరదు.

కాయిల్‌లోనూ పేజీ మార్చొచ్చు. ఒక కొస మడత కత్తిరించి, తీగని తిప్పుతూ బయటికి లాగి, పేజీ మార్చి, మళ్లీ ఎక్కించాలి. ఎప్పుడో ఒకసారికి ఫర్వాలేదు, ప్రతి వారం అంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందులో ఇంకో మెలిక కూడా ఉంది. కొత్త పేజీకి పాత పేజీల కొలతలోనే రంధ్రాలు పడాలి. 4:1 అని పిలిచే మిషన్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం 0.2475 అంగుళం, కొన్నింటిలో 0.25 అంగుళం. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 6.29, 6.35. ఆ 0.06 తేడా ఏపాటిదిలే అనిపిస్తుంది. కానీ 46 రంధ్రాలు దాటేసరికి అది పేరుకుని దాదాపు 3 మిల్లీమీటర్లవుతుంది. తీగ సగం దాకా బాగానే దిగి, ఆ తర్వాత మొరాయిస్తుంది. ఎవరో వంకర తీగ ఇచ్చారనుకుని నేనొకసారి మూడు కాయిల్స్ మార్చాను. తీరా చూస్తే రంధ్రాలు వేరే మిషన్‌వి.

వైరోతో పోలిస్తే

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఈ రెండూ చాలా పనుల్లో సరిసమానం. వైరో కూడా చదునుగా తెరుచుకుంటుంది, వెనక్కి పూర్తిగా మడుచుకుంటుంది. పైగా చూపుకి హుందాగా ఉంటుంది. క్లయింట్ ముందు పెట్టే ప్రతిపాదనకి, గోడ క్యాలెండర్‌కి, డిజైనర్ తన పనులు చూపించే పుస్తకానికి వైరోనే పెడతారు. మెరిసే లోహపు తీగకుండే దర్జా ప్లాస్టిక్‌కి రాదు. ఒప్పుకోవాలి.

వైరో గెలిచే అసలు చోటు ఇంకొకటుంది. కాయిల్ ఒకటే చుట్ల తీగ కదా, తెరిచినప్పుడు ఎడమ పేజీ, కుడి పేజీ ఒకే మట్టంలో నిలవవు. ఒకటి ఇంకోదానికంటే కొద్ది మిల్లీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. మామూలు చదువుకి ఇది కంటికి కూడా ఆనదు. కానీ రెండు పేజీల మీదుగా పరుచుకున్న మ్యాప్ ఉందనుకోండి, లేదా ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలో ముగిసే పట్టిక ఉందనుకోండి, గీతలు కలవవు. నది మధ్యలో తెగి ఒక మెట్టు దిగినట్టు కనిపిస్తుంది. వైరోలో ప్రతి రింగూ విడిగా, నేరుగా ఉంటుంది కాబట్టి రెండు పేజీలూ ఒకే మట్టంలో నిలుస్తాయి. రెండు పేజీలకీ విస్తరించే బొమ్మలుంటే ఆలోచించకుండా వైరో తీసుకోండి.

ఇక వైరో ఓడిపోయే చోటు సంచి. లోహపు రింగు ఒకసారి నొక్కుకుపోతే మళ్లీ లేవదు. బరువైన పుస్తకం కింద పడి రెండు రింగులు చదునైతే, ఆ తర్వాత తిప్పిన ప్రతి పేజీ అక్కడే పట్టేసుకుని చిరుగుతుంది. పోస్టులో పంపేవి, పిల్లల బ్యాగుల్లో తిరిగేవి, రోజూ చేతులు మారేవి అయితే కాయిలే దిక్కు. పీవీసీ నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. అలాగని దానికి బలహీనతలు లేకపోలేదు. ఎండలో మూసిపెట్టిన కారులో బరువు కింద వదిలేస్తే మెత్తబడి కోలగా సాగిపోతుంది. గడ్డకట్టే చలిలో పెళుసెక్కి విరగొచ్చు.

మందంలోనూ తేడా ఉంది. వైరోలో రెండు రకాల రంధ్రాలుంటాయి. సన్న పుస్తకాలకి అంగుళానికి మూడు, అంటే ఏ4 పొడవుకి 34 రింగులు. ఇది సుమారు 14 మిల్లీమీటర్ల రింగు దాకానే దొరుకుతుంది. అది దాటితే అంగుళానికి రెండు రంధ్రాల రకానికి మారాలి, అప్పుడు ఏ4 కి 23 రింగులు. అది కూడా మామూలుగా 32 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాయిల్ అయితే 6 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఒకటే రంధ్రాల కొలతతో నడుస్తుంది. ముందు 110 కాగితాలనుకుని రంధ్రాలు కొట్టించాక, ఆఖరి నిమిషంలో అనుబంధం ఒకటి చేరి 150 అయ్యాయనుకోండి. కాయిల్‌లో పెద్ద తీగ తెచ్చుకుంటే సరి. వైరోలో మొదటికే మోసం, కొట్టిన రంధ్రాలన్నీ వృథా.

వైరో మంచిగా వేశారో లేదో చూడ్డానికి ఒక గుర్తుంది. తీగ మొదట అర్ధచంద్రాకారంలో ఉంటుంది, కాగితాలు తగిలించాక నొక్కి మూస్తారు. మూసిన చోట సన్నటి అతుకు మిగులుతుంది. పనితెలిసినవాళ్లు వెనక అట్టని ముందువైపుకి తెచ్చి తగిలించి, తీగ మూశాక, దాన్ని మళ్లీ వెనక్కి తిప్పేస్తారు. దాంతో అతుకు ఆఖరి పేజీకీ వెనక అట్టకీ మధ్య దాక్కుంటుంది. అతుకు వీపు మీద బాహాటంగా కనిపిస్తే ఆ పుస్తకం హడావిడిలో తయారైందని అర్థం.

పిన్నులు సరిపోయేచోట రింగులెందుకు?

పది పన్నెండు కాగితాల బుక్‌లెట్‌కి రింగులు వేయించడం నాకు దండగనిపిస్తుంది. కాగితాలని మధ్యకి మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే, అంటే సెంటర్ పిన్నింగ్ చేస్తే, సన్నగా, అందంగా, చదునుగా వస్తుంది, కవరులో పట్టేస్తుంది. కార్యక్రమ వివరాల పుస్తకాలు, చిన్న పత్రికలు, వాడకం చెప్పే కరపుస్తకాలు చాలావరకు ఇలాంటివే. షరతులు రెండే. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, ఎందుకంటే మడిచిన ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు. 30 పేజీలు రాసుకుంటే రెండు ఖాళీ పేజీలు కలిపి 32 చెయ్యాల్సిందే. ఇక మామూలు కాగితంతో 64 పేజీల చుట్టుపక్కలకి వస్తే మడత దగ్గర ఉబ్బి, పుస్తకం నోరు తెరుచుకుని ఉంటుంది. లోపలి కాగితాలు బయటివాటికంటే ముందుకు పొడుచుకొస్తాయి కూడా. వాటిని కత్తిరించి సమం చేస్తారు కాబట్టి మధ్య పేజీల్లో బయటి మార్జిన్ తగ్గుతుంది. పేజీ నంబరు అంచుకి మరీ దగ్గరగా పెడితే అది కూడా కత్తెర పాలవుతుంది.

పక్కనుంచి పిన్నులు కొట్టే సైడ్ పిన్నింగ్ గట్టిగానే ఉంటుంది, కానీ పూర్తిగా తెరుచుకోదు. లోపలి మార్జిన్ మింగేస్తుంది. ఒకసారి చదివి పక్కన పడేసే వాటికి చాలు.

పుస్తకంలా కనిపించాలంటే

గమ్ బైండింగ్ మీద నాకు పగేమీ లేదు. దాన్ని మాన్యువల్‌కి వాడటం నా తప్పు. కవితలు, కథలు, సంస్థ చరిత్ర, జ్ఞాపకాల సంచిక, ఇలా కుర్చీలో కూర్చుని రెండు చేతులతో పట్టుకుని చదివేవాటికి అదే నప్పుతుంది. వీపు మీద పేరు ఉంటుంది, అల్మరాలో నిలబడుతుంది. కాయిల్ పుస్తకాలు అల్మరాలో పెడితే ఏది ఏదో తెలియదు, ప్రతిదీ బయటికి లాగి చూడాల్సిందే. పైగా ఒక దాని తీగ పక్క దాని తీగలో ఇరుక్కుని, ఒకటి లాగితే రెండొస్తాయి.

గమ్‌కి కనీసం మూడు మిల్లీమీటర్ల మందమైనా ఉండాలి, లేకపోతే అంటుకోవడానికి వీపే ఉండదు. కాగితం నారల దిశ వీపుకి సమాంతరంగా ఉండేలా చూసుకోమని చెప్పండి. అడ్డంగా ఉంటే పేజీలు బిరుసుగా లేచి నిలబడతాయి, వీపు దగ్గర అలల్లా ముడతలు పడతాయి. ఎక్కువ కాలం నిలవాలంటే పీయూఆర్, అంటే పాలీయురేథేన్ రకం జిగురు అడగండి. మామూలు వేడి జిగురు కంటే అది బాగా వంగుతుంది, పేజీని గట్టిగా పట్టుకుంటుంది. ఇక దశాబ్దాలు ఉండాల్సినదైతే కుట్టు బైండింగ్, గట్టి అట్ట, అంతే. దానికి పోటీ లేదు.

ముందే జిగురు పూసిన అట్టలో కాగితాలు పెట్టి వేడి చేసే థర్మల్ బైండింగ్ ఆఫీసులో ఐదు నిమిషాల్లో అయిపోయే పని. చూపుకి శుభ్రంగా ఉంటుంది, కానీ గమ్‌కున్న ఇబ్బందులన్నీ దీనికీ ఉన్నాయి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తాను. ఒప్పందాలు, ఆడిట్ కాగితాలు, సంతకాలతో కూడిన రికార్డులకి కాయిల్ వద్దు. తీగ విప్పి ఒక పేజీ మార్చి మళ్లీ ఎక్కిస్తే ఎవరికీ అనుమానం రాదు. పేజీ మారిస్తే తెలిసిపోయే బైండింగ్ కావాలి అలాంటివాటికి. కుట్టినదైనా, ప్లాస్టిక్ పట్టీల మధ్య పుల్లలు దూర్చి తలలు కరిగించి బిగించే స్ట్రిప్ రకమైనా సరే. అలాగే థీసిస్, టెండర్ లాంటివి సమర్పించే చోట ఫలానా బైండింగే కావాలని నియమం ఉంటే అదే ఆఖరి మాట. ఇక్కడ నేను చెప్పేవన్నీ పక్కన పెట్టేయండి.

ఏ సైజు కాయిల్?

పేజీలు లెక్కపెట్టకండి, కాగితాలు లెక్కపెట్టండి. రెండు వైపులా ముద్రించిన 200 పేజీలంటే 100 కాగితాలే. మామూలు 80 జీఎస్ఎమ్ కాగితం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగేది) మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటర్. అంటే వంద కాగితాలు 10 మిల్లీమీటర్లు, 500 కాగితాల రీము 50 మిల్లీమీటర్లు. దీనికి అట్టలు కలిపి, స్కేలుతో మందం కొలిచి, దానికి 3 మిల్లీమీటర్లు చేర్చండి. లావు పుస్తకమైతే 4 నుంచి 6 దాకా చేర్చండి. వంద కాగితాలకి 14 మిల్లీమీటర్ల కాయిల్ సుఖంగా ఉంటుంది.

కొలిచేటప్పుడు కట్టని అదిమిపెట్టి కొలవకండి. ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం కొంచెం వంపు తిరిగి, గాలి నింపుకుని ఉంటుంది. బిగుతైన కాయిల్‌లో పేజీ తిప్పుతుంటే రంధ్రాల దగ్గర కాగితం పట్టేసి చిరుగుతుంది, మొదటి పేజీ, ఆఖరి పేజీ ముందు పోతాయి. మరీ వదులైతే పేజీలు లోపల అటూ ఇటూ జారుతూ, అంచులు కుక్క చెవుల్లా ముడుచుకుంటాయి. రెంటిలో ఒకటి ఒప్పుకోక తప్పదంటే వదులే నయం. మధ్యలో కాగితాలు చేర్చుకునే అవకాశమైనా మిగులుతుంది.

50 మిల్లీమీటర్ల కాయిల్ దొరుకుతుంది కదా అని 400 కాగితాలు ఒకే పుస్తకంగా వేయించకండి. తిప్పుతుంటే చేతిలో దిండులా అటూ ఇటూ ఒరిగిపోతుంది. రెండు భాగాలు చేయండి. 25 మిల్లీమీటర్లు దాటిన కాయిల్ పుస్తకం నాకు ఇంతవరకు నచ్చలేదు.

ఫైల్ పంపే ముందు

రంధ్రాలు అంచు నుంచి సుమారు 8 మిల్లీమీటర్ల దాకా ఆక్రమిస్తాయి. అందుకని బైండింగ్ వైపు 20 మిల్లీమీటర్ల మార్జిన్ వదలండి. రెండు వైపులా ముద్రిస్తుంటే ఈ మార్జిన్ కుడి పేజీలో ఎడమవైపు, ఎడమ పేజీలో కుడివైపు రావాలి. వర్డ్‌లో మిర్రర్ మార్జిన్స్ అనే సదుపాయం సరిగ్గా ఇందుకే ఉంది. ఇది మర్చిపోతే ప్రతి రెండో పేజీలో పంక్తుల చివరి అక్షరాలకి చిల్లులు పడతాయి. ఒత్తులు, దీర్ఘాలు పోయాక ఆ వాక్యం చదవడం ఒక పజిల్.

అడ్డం పేజీలున్న పుస్తకానికి ఏ అంచున తీగ వస్తుందో ముందే తేల్చుకోండి. పొట్టి అంచున వేస్తే పుస్తకంలా పక్కకి తిరుగుతుంది, పొడవు అంచున వేస్తే క్యాలెండర్‌లా పైకి లేస్తుంది. దాన్నిబట్టి ప్రింటర్‌లో రెండో వైపు ఎటు తిప్పాలో మారుతుంది. లేకపోతే వెనక పేజీలన్నీ తలకిందులు. ఎడమచేత్తో రాసేవాళ్లకి పక్క కాయిల్ నరకం, మణికట్టు తీగ మీద పడుతుంది. వర్క్‌బుక్ అయితే పై అంచున వేయించండి, ఎడమ కుడి తేడా లేకుండా అందరికీ సుఖం.

ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్, వెనక మందమైన అట్ట, ఇది పాత పద్ధతే అయినా మార్చాల్సిన పనిలేదు. షీట్ 200 మైక్రాన్లు, అంటే 0.2 మిల్లీమీటర్ మందం ఉంటే మడత పడకుండా నిలుస్తుంది. వెనక అట్ట 300 జీఎస్ఎమ్‌కి తగ్గకపోతే ఒళ్లో పెట్టుకుని కూడా రాసుకోవచ్చు. మధ్యలో విభాగాలకి రంగు కార్డులు పెట్టిస్తే, పుస్తకం మూసి ఉన్నా ఏ భాగం ఎక్కడుందో పక్కనుంచి కనిపిస్తుంది. వీపు మీద పేరు లేని లోటు కొంత తీరుతుంది.

కాపీలు ఎక్కువైతే పెట్టెలో సర్దేటప్పుడు ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు తిప్పి పేర్చండి. తీగ వైపు లావు కాబట్టి అన్నీ ఒకే దిక్కున పెడితే పదో పుస్తకానికల్లా దొంతర పక్కకి జారుతుంది. పాతబడ్డాక కాగితాన్ని రీసైక్లింగ్‌కి ఇవ్వాలంటే ఒక కొస కత్తిరించి తీగ లాగేస్తే సరి, అర నిమిషం పని. స్కాన్ చెయ్యాలన్నా అంతే, కాగితాలు విడివిడిగా ఫీడర్‌లోకి వెళ్తాయి. గమ్ పుస్తకానికైతే వీపు కోసెయ్యాలి.

ఎన్ని కాపీలైనా సరే, ముందు ఒక్కటే చేయించి చూడండి. సరిగ్గా మధ్య పేజీ దగ్గర తెరిచి చేతులు తీసెయ్యండి, అలాగే పడుకోవాలి. అట్టని పూర్తిగా వెనక్కి తిప్పండి, ఎక్కడా పట్టెయ్యకూడదు. కింది అంచున సగం రంధ్రం పడిందేమో చూడండి. ఏ4 కొలతకి మిషన్‌లో చివరి పిన్ను తీసెయ్యకపోతే అలాగే పడుతుంది, అక్కడి నుంచే చిరుగు మొదలవుతుంది. ఆఖరుగా తీగ రెండు కొసలనీ బొటనవేలితో తడమండి. గుచ్చుకుంటే కౌంటర్ దగ్గరే నిలబడి మళ్లీ మడిపించుకోండి.